సంసోను చేతి మీద కాంటెస్సా

శనివారం పొద్దున సంసోను వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదింటికి బీదరులో మైలూరు క్రాసు దగ్గర నోయల్ దుకాణంలో కుడి ముంజేతి మీద పచ్చబొట్టు వేయించుకోవాలి. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి అన్నం తినాలి. ఆదివారం ఆరాధన అయ్యాక జనవాడ వెళ్లి కాశప్పకు చెయ్యి చూపించాలి. అంతే, కారు తనదైపోతుంది. ఇందులో తప్పు జరగడానికి ఎక్కడా సందు లేదని భార్య లీయా ఇచ్చిన చాయ్ తాగుతూ రెండుసార్లు సరిచూసుకున్నాడు.

కాశప్ప జనవాడ రైతు. ఆయన దగ్గర వాళ్ల నాన్న కొన్న మెరూన్ రంగు కాంటెస్సా కారు ఉంది. సంసోనుకు తొమ్మిదేళ్లప్పుడు కమఠాణలో వాళ్లమ్మకు నొప్పులు మొదలైతే, ఆ దారిన పోతున్న కాశప్ప తండ్రి ఆ కారులోనే బీదరు ఆస్పత్రికి చేర్చాడు. వెనక సీట్లో అమ్మ మూలుగుతోంది. ముందు సీట్లో పిల్లవాడు, సిగ్గుపడాల్సిన మాటే గానీ, మహా సంతోషంగా ఉన్నాడు. ఆరోజు పుట్టిన చెల్లెలు పెరిగి, పెళ్లి చేసుకుని జహీరాబాద్ వెళ్లిపోయింది. సంసోను మాత్రం ఆ కారులోంచి ఇంకా దిగలేదు. స్కూలు ఆఫీసులో గుమాస్తాగా చేరి, స్కూటరు కొనుక్కుని, నలభై నాలుగేళ్లవాడైనా సరే, ఆ కారు ఎదురైతే బండి పక్కకు ఆపి అది మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడతాడు. దాన్ని చూసిన రోజు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడడు.

మోకాళ్ల నొప్పులతో ఇక నడపలేనని కాశప్ప కారు అమ్మకానికి పెట్టాడు. నలుగురైదుగురు అడుగుతున్నారు. "పైసలు ఎవ్వలైన ఇస్తరు సంసోనూ. బండి మీద పానం పెట్టుకున్నోనికే ఇస్త. ఐతారం దాక చూస్త," అన్నాడు ఆయన.

పానం పెట్టుకున్నట్టు రుజువు ఎలా చూపించాలి? సంసోను తల బద్దలు కొట్టుకుంటుంటే ఫోనులో ఒక వీడియో కనబడింది. ఎక్కడెక్కడి కారు పిచ్చివాళ్లో తమ కారు బొమ్మలను వీపుల మీద, పిక్కల మీద పొడిపించుకుని మురిసిపోతున్నారు. సంసోను ఆ సాయంత్రమే నోయల్‌ను కలిశాడు. నోయల్ ముప్పై అయిదేళ్ల మనిషి, పనిలో నిదానం. "ఫోటో చూసి ఏస్తె పక్కాగ రాదన్నా. బండిని కండ్లార చూడాలె," అన్నాడు. సంసోనే అడ్రసు చెప్పి, బేస్తవారం నాడు అతన్ని జనవాడ పంపించాడు.

శనివారం పచ్చబొట్టుకు మూడు గంటలు పట్టింది. మంట పుట్టింది గానీ కారు అచ్చంగా దిగింది. నోయల్ దాని మీద తెల్లటి కట్టు దిట్టంగా కట్టి, రెండు రోజులు నీళ్లు తగలనివ్వొద్దన్నాడు.

ఇంటి గేటు దగ్గరికి వచ్చాక సంసోనుకు ఒక సంగతి గుర్తొచ్చింది. లీయా సంఘంలో స్త్రీల సహవాసానికి కార్యదర్శి. పచ్చబొట్టు బైబిలు వాక్యానికి విరుద్ధమని కిందటి నెలే అందరికీ పాఠం చెప్పింది.

"ఏమైందయ్యా చేతికి?"

"స్కూటర్ మీదికెల్లి జారిన. జర గీసుకపోయింది, గంతె."

లీయా కంగారుపడి, ప్రార్థించండని సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఆ సంఘంలో ప్రార్థనంటే వార్తలు కూడా. ఎవరికి ఏమైందో గుచ్చిగుచ్చి అడగడం మర్యాద కాదు. అందుకని ప్రార్థించేవారే అన్నీ దేవుడికి వివరంగా చెబుతారు, మిగతావారు కళ్లు మూసుకుని చెవులు తెరుచుకుని వింటారు.

ముందు సహవాసంలోని ప్రేమమ్మ ఫోనులోనే ప్రార్థించింది. "తండ్రీ, నీ దాసుడైన సంసోను చేతి ఎముక విరగకుండ కాపాడుము." అది పక్కనుంచి విన్న ఆవిడ తోడికోడలు, విరిగిన ఎముకను అతికించమని వేడుకుంది. మూడింటికల్లా గ్రూపులో మరొకరు తెగిన నరాలను కలపమన్నారు. అయిదింటికి సంగతి జనవాడ చేరి, అక్కడి ప్రార్థన మందిరంలో మైకు పెట్టారు. "ఆ కుడి చెయ్యి తీసివేసే దినము రానియ్యకుము ప్రభువా" అన్న మొర ఊరంతా వినబడింది. కంది చేనులో ఉన్న కాశప్పకు కూడా.

ఆదివారం లీయా భర్తను మంచం దిగనివ్వలేదు. ఒక్కతే ఆరాధనకు వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు ముప్పై మందిని, వాళ్లతో పాటు పాస్టరు క్రిస్టోఫర్‌ను వెంటబెట్టుకొచ్చింది. జనవాడ వెళ్లాలని ప్యాంటు వేసుకుని దుప్పటి కింద పడుకున్న సంసోను తల మీద పాస్టరు చెయ్యి పెట్టాడు. సరిగ్గా అప్పుడే వీధిలో ఒక ఇంజన్ చప్పుడు వినబడింది. ఆ చప్పుడు సంసోనుకు నిద్రలో కూడా తెలుస్తుంది.

కాశప్ప డజను అరటిపండ్లతో కుంటుకుంటూ లోపలికి వచ్చాడు. "ఎట్లుంది బిడ్డా చెయ్యి?"

"మంచిగున్నది మామా. నేనే నీ కాడికి వద్దామనుకుంటున్న."

"నాకు ధైర్యం చెప్పకు. మైకుల ఇన్న. నా బండికి పవర్ స్టీరింగ్ లేదు, రెండు చేతుల తాకత్ గావాలె. నీకే ఇద్దామనుకున్న. నీ సంగతి ఇన్నంక బువ్వ పోలే. నిన్న మాపటికే వేరేటోనికి మాటిచ్చిన."

సంసోను లేచి కూర్చున్నాడు. ఎదురుగా పాస్టరు, పక్కన లీయా, చుట్టూ ముప్పై మంది. ఇక దాచి చేసేదేముందని కట్టు విప్పేశాడు. ఎర్రగా కందిన చేతి మీద నల్లటి కాంటెస్సా బయటపడింది.

ఎముకలు, నరాలు అన్నీ బాగానే ఉన్నందుకు ప్రేమమ్మ కాస్త నొచ్చుకున్నట్టు కనబడింది. పాస్టరు గొంతు సవరించుకున్నాడు. "సంసోనూ, ఇది వాక్యానికి..." అంటూ వంగి చూసి, "హెడ్‌లైట్లు మంచిగ దిగినయి," అన్నాడు.

"మన పెండ్లయి పందొమ్మిదేండ్లాయె," అంది లీయా నెమ్మదిగా. "నా పేరుల ఒక్క అక్షరం ఏయించుకోలే."

"నువ్వు వద్దంటవని..."

"వద్దనే అంటుంటి. అడగాలె గదా."

కాశప్ప కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "ఇంత పానం ఉన్నదని నిన్న ఎవ్వలు చెప్పిన్రు నాకు? ఇచ్చిన మాట వాపస్ తీసుకోరాదు బిడ్డా."

"ఎవ్వనికిచ్చినవ్ మామా?"

"బేస్తారం ఒకడు వచ్చిండు. గంటసేపు బండి సుట్టు తిరిగిండు. ముంగటి జాలిల గీతలు లెక్కవెట్టిండు. కింద పండి సూసిండు. నిన్న సందెల మళ్ల వచ్చి, నాకే గావాలె అన్నడు. సంసోను చెయ్యి నిజంగనే ఖరాబైందా అని అడిగిన. కట్టు నేనే కట్టిన, అన్నడు. దవాఖాన మనిషి అనుకున్న."

సంసోను మంచం మీద పడి ఉన్న కట్టు వైపు చూశాడు.

కాశప్ప అతని ఎడమ చెయ్యి పట్టుకుని బయటికి నడిపించి, తాళంచెవి ఇచ్చాడు. "రేపు పొద్దుగాల తీస్కపోతడు. ఇయ్యాల నాదే. నువ్వు తోలు."

లీయా ఏమనుకుందో, వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. సంసోను నౌబాద్ దాకా నడిపాడు. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా పచ్చిగా ఉన్న చెయ్యి భగ్గున మండింది. అయినా అవసరం లేని సందులన్నీ తిరిగాడు. ముప్పై అయిదేళ్లు కోరుకున్న కారు ఇరవై నిమిషాలు అతనిదైంది. దిగేటప్పుడు తలుపు మీద చెయ్యి వేసి ఊరికే నిలబడ్డాడు. ఇది తనకు దక్కదని తెలిశాక దాని మీద ఇష్టం తగ్గుతుందేమో అనుకున్నాడు. తగ్గలేదు. ఇంకా పెరిగింది. లీయా కూడా దిగి పక్కనే నిలబడింది.

సోమవారం నుంచి ఆ కారును నోయల్ నడుపుతున్నాడు. సూదంటే భయమట, అతని ఒంటి మీద ఒక్క పచ్చబొట్టూ లేదు.