కిల్లార్నీకి మీరూ రండి

శనివారం పొద్దున్నే అమెరికాలో, న్యూజెర్సీ పార్సిప్పనీలోని తమ అపార్ట్‌మెంట్‌లో పాలు పొంగిపోతున్నా నమ్రత పట్టించుకోలేదు. ఐర్లండ్ వీసాలు వచ్చేశాయి! కిల్లార్నీ అనే ఊరు, దాని పక్కన పెద్ద సరస్సు, ఒడ్డున అయిదు వందల ఏళ్ల నాటి కోట. పదో పెళ్లిరోజున ఆ నీళ్ల మీద పడవలో తనూ, శశికాంతూ, మూడో మనిషి లేకుండా. పెళ్లయ్యాక వాళ్లిద్దరే వెళ్లిన చోటంటూ ఉంటే అది కూరగాయల కొట్టే.

"ఎవరికీ చెప్పకు. మొహమాటానికి ఎవర్నీ పిలవకు," అంది.

"నేనెందుకు పిలుస్తానే?"

శశికాంత్ మంచివాడు. అతనితో వచ్చిన చిక్కే అది. అన్నం తింటుంటే పార్సిల్ తెచ్చినవాణ్ని కూడా "రండి, భోంచేద్దాం" అనే వంశంలో పుట్టాడు. అయినా మన పిలుపుల్లో సగం, అవతలివాళ్లు "అబ్బే, ఎందుకండీ" అంటారన్న ధైర్యంతో పిలిచేవే.

ఇద్దరూ కిందికి దిగేసరికి పార్కింగ్‌లో పై ఫ్లాట్ రాకేష్ ఎదురయ్యాడు.

"ఏందన్నా, మొహం మస్తు వెలుగుతుంది?"

"ఐర్లండ్ వెళ్తున్నాం. కోటలు, సరస్సు..." నమ్రత కాలు తొక్కేలోపే శశికాంత్ నోరు జారాడు. "మీరూ రండి!"

రాకేష్ "అబ్బే" అనలేదు. "సూపర్ అన్నా! ఎవరన్నా పిలుస్తరేమో అని ఎప్పటి నుంచో చూస్తున్నం!"

వాళ్లకు వీసా దొరక్కపోతే బాగుండని నమ్రత దేవుడికి దణ్ణం పెట్టుకుంది. తీరా చూస్తే రాకేష్‌వాళ్లవి అమెరికన్ పాస్‌పోర్టులు, వీసాయే అక్కర్లేదు. సాయంత్రానికి వాట్సాప్ గ్రూప్ పుట్టింది. రాకేష్ తన ఆఫీస్‌వాళ్లను పిలిచాడు, వాళ్లు వాళ్ల వదినగార్లను పిలిచారు. వ్యాన్ బుక్ అయింది, రైస్ కుక్కర్ ప్యాక్ అయింది. చివరికి శశికాంత్, నమ్రతల ఫొటోతో అందరికీ టీషర్టులు కూడా వచ్చాయి.

న్యూవార్క్ ఎయిర్‌పోర్ట్‌లో గేటు దగ్గర ప్రకటన వినిపించింది. రెండు సీట్లు తక్కువయ్యాయట, ఎవరైనా రేపటి ఫ్లైట్‌కి ఆగగలరా అని. శశికాంత్ అలవాటుగా గ్రూప్‌వైపు తిరిగాడు. "పోనీ, మేం ఆగుతాం లెండి."

పెళ్లిరోజు మీది, మీరు ఆగడమేమిటని అందరూ మీద పడతారనుకున్నాడు.

"థాంక్స్ అన్నా! నీ మనసు బంగారం!" అని రాకేష్ బ్యాగ్ అందుకున్నాడు.

వాళ్లిద్దరి మొహాలు గుండెల మీద వేసుకుని మొత్తం గుంపు విమానం ఎక్కేసింది. నమ్రతకు ఏడుపొచ్చేసింది. "నా పెళ్లిరోజుకి నేను తప్ప అందరూ వెళ్లారు!" అంది.

మర్నాటి ఫ్లైట్‌లో వెళ్లి ఐర్లండ్‌లో దిగగానే రాకేష్ మెసేజ్ కనిపించింది. 'కిల్లార్నీ కవర్ చేసేసినం అన్నా. వేరే కోటకు పోతున్నం. మీ కేక్ కూడా కట్ చేసినం, టేస్ట్ మస్తుంది.'

నమ్రత రెండుసార్లు చదువుకుంది. అంటే కిల్లార్నీలో ఇప్పుడు ఎవరూ లేరు! కోట దగ్గర టాక్సీ ఆగీ ఆగకముందే దూకి పరుగెత్తింది. బూడిదరంగు కోట, కాళ్ల దగ్గరే సరస్సు, అవతల మబ్బు కప్పుకున్న కొండలు. "శశీ, నిజం కోట!" అని ఆ రాతిగోడను రెండు చేతులతో తడిమింది. ఇంత సంతోషం ఆమె మొహంలో చూసి ఎన్నాళ్లయిందో అనుకుంటూ శశికాంత్ టాక్సీకి డబ్బులిచ్చి ఆమె వెనకే నడిచాడు.

పడవ ఎక్కబోతుండగా వెనక నుంచి ఒక అమ్మాయి పిలిచింది. "తెలుగువాళ్లా అక్కా?"

శశికాంత్ నోరు తెరిచాడు. నమ్రత వెంటనే కాలు తొక్కింది. మూసేశాడు.

"మేం ఇక్కడే, కార్క్ సిటీలో ఎంఎస్ చేస్తున్నాం అక్కా," అంది ఆ అమ్మాయి, నమ్రత చేతిలోని సంచీవైపే చూస్తూ. "అది పులిహోర వాసనేనా? మా అమ్మ గుర్తొస్తోంది."

నమ్రత మనసు కరిగిపోయింది. "అయ్యో తల్లీ, బోలెడుంది! పడవలో తిందాం, మీరూ రండి!"

ఆ పిల్ల "అబ్బే" అనలేదు. వెనక్కి తిరిగి మిగతా నలుగురినీ కేకేసింది.

ఈసారి కాలు తొక్కింది శశికాంత్.