కప్పకు వచ్చిన చుక్క

అడవి పెద్దది. అందులో సచివాలయం ఇంకా పెద్దది. ఎండలు ముదిరాక చిన్నదైపోయింది ఒక్క నీళ్ల జాడే.

సచివాలయం ముందు బండకు ఆనించి ఒక కంప్యూటర్ తెర ఉండేది. అందులో అడవి అంతటికీ కలిపి ఒకే వెబ్ పేజీ. పైన సింహం ఫొటో, దాని కింద ఏ మడుగులో నీళ్లున్నాయో, ఏది ఎండిపోయిందో రాసి ఉండేది. జంతువులు వచ్చేవి, ఫొటోను పైకి తోసేసేవి, నీళ్ల కబురు చదువుకుని వెళ్లిపోయేవి.

ఒకరోజు సింహం ఇది కళ్లారా చూసింది.

"నన్ను తోసేస్తున్నారు!" అని గర్జించింది. "కుందేలు కూడా తోసేస్తోందయ్యా! ఒక్క వేలితో!"

కార్యదర్శి నక్క వెంటనే కోతి కొమ్మయ్యను పిలిపించింది. పట్నంలో ఒక కంప్యూటర్ శిక్షణా కేంద్రం కిటికీ పక్కన కొమ్మ మీద కూర్చుని, వెబ్ పేజీలు రాసే హెచ్‌టిఎంఎల్ నేర్చుకొచ్చిన మేధావి కొమ్మయ్య. అతను నేర్చుకున్న పాఠాన్ని పట్నంలో ఎప్పుడో ఎత్తేశారు. అక్కడ ఎత్తేసినవన్నీ మన అడవికి కొత్తగా వస్తాయి కదా, ఇదీ అలాగే వచ్చింది.

"ఫ్రేములు కట్టేద్దాం ప్రభూ," అన్నాడు కొమ్మయ్య. "తెరను అడ్డంగా అరలు చేస్తాను. ఎవరి పేజీ వాళ్ల అరలోనే. కింది అరల్లో ఎవరేం తోసుకున్నా పై అరలో తమరు కదలరు. మేకు కొట్టినట్టు ఉండిపోతారు."

"నాకు మేకు కొడతావా?"

"మాటవరసకు ప్రభూ!"

"అసలు తోసుకోవడమన్నదే వద్దు. అన్ని అరలూ బిగించెయ్. కనిపించినంతే చూడాలి, వెళ్లిపోవాలి."

అరలన్న మాట బయటికి పొక్కగానే శాఖలన్నీ ఎగబడ్డాయి. సింహం సగం తెర తీసుకుంది. నక్క తన ప్రకటనలకు ఒక అర రాయించుకుంది. సాంస్కృతిక శాఖ నెమలి, "నేను పింఛం విప్పితే ఎంతెత్తుంటుందో తెలుసా? ఈక విరిగితే నువ్వు అతికిస్తావా?" అని ఇంకో అర లాక్కుంది. రక్షణ శాఖ చిరుత మరీ సూటిగా మాట్లాడింది.

"నాకు నక్క కంటే వేలెడు ఎక్కువ ఉండాలి. ఎందుకని అడక్కు. కరుస్తాను."

కొమ్మయ్య ఒక్కొక్కరి కొలతా రాసుకుంటూ పోయాడు. అంతా అయిపోయాక తలుపు దగ్గర చిన్న దగ్గు వినిపించింది. చూస్తే జల శాఖ అధికారి, కప్ప బుడుంగయ్య.

"మరి నాదండీ?"

అందరూ మొహాలు చూసుకున్నారు. ఆ పేజీ పెట్టిందే నీళ్ల కోసం. ఆ నీళ్ల సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు! సిగ్గుపడ్డారనుకునేరు. ఎవరూ పడలేదు.

కొమ్మయ్య తోకతో బుర్ర గోక్కున్నాడు. ఫ్రేముల లెక్కలో నక్షత్రంలా ఉండే ఒక చుక్క గుర్తు ఉంటుంది. కొలత రాయాల్సిన చోట ఆ చుక్క పెడితే దానికి అర్థం ఒకటే: అందరూ తీసుకోగా మిగిలింది. ఈ సంగతి ఆ సభలో కొమ్మయ్యకు తప్ప ఎవరికీ తెలియదు.

"నీకు అంకె వెయ్యలేదు బుడుంగయ్యా," అన్నాడు తేనె పూసిన గొంతుతో. "నీకు చుక్క వేశాను! అంకెలు ఎవరికైనా వేస్తాం. మహారాజుకు కూడా అంకే. అడవి మొత్తానికి చుక్క నీ ఒక్కడికే."

బుడుంగయ్య గొంతు బుడగలా ఉబ్బింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఏడాది జల శాఖ విడుదల చేసిన మొదటి నీళ్లు అవే.

మర్నాటికి కొత్త పేజీ వచ్చేసింది. సింహం మొహం సగం తెర ఆక్రమించి కూర్చుంది. దాని కింద నక్క, చిరుత, నెమలి. అట్టడుగున సన్నటి చీలిక. అదే నీళ్ల అర. అక్షరాల తలకట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. మిగతా ఒళ్లంతా అంచు కింద దాక్కుంది.

తాబేలు చిప్పమ్మ ఎండలో పాక్కుంటూ వచ్చింది. ఆవిడ ఉండే గుంట ఎండిపోయింది. వెనక కాళ్ల మీద లేచి నిలబడి అట్టడుగు అరలోకి చూసింది.

"అమ్మయ్య! అన్ని మడుగులకూ టిక్కులు పెట్టారు," అనుకుంది ఆ తలకట్లను చూసి. "అన్నిట్లోనూ నీళ్లే!"

దగ్గరలో ఉందని రేగుమడుగుకు పోయింది. అక్కడ బురద కూడా లేదు, నెర్రెలు తప్ప. తిరిగి సచివాలయానికి చేరేసరికి ఆవిడ నాలుక అట్టకట్టింది.

"ఒరే బుడుంగూ! ఎక్కడరా నీళ్లు?"

"నీళ్ల సంగతి తర్వాత అత్తా, ముందు ఇది చూడు!" బుడుంగయ్య ఎండుటాకు మీద చుక్క గీయించుకుని మెడలో కట్టుకున్నాడు. "మహారాజుకు కూడా లేదు!"

"నీ చుక్క నాలుక మీద వేసుకుంటే తడుస్తుందా?"

"నీకు అర్థం కాదులే అత్తా. చదువుకున్నవాళ్ల విషయం."

"చదువుకోవడానికే వచ్చానురా! అక్షరం మొత్తం కనిపిస్తే కదా చదవడం? తలకాయలు పైన పెట్టి ఒళ్లు పాతేశారు. ఇంకొక్క మడుగుదాకా నడిచే ఓపికే ఉంది నాకు. ఈసారి కూడా తప్పితే మీకు మిగిలేది నా చిప్పే. దాన్ని కూడా మీ ఆఫీసులో ఎవడో కుర్చీ చేసుకుంటాడు!"

బుడుంగయ్య వింటేగా. చిప్పమ్మ అక్కడే బండ నీడలో కూలబడింది. అతను సచివాలయం చుట్టూ గెంతుతూ "చుక్క! చుక్క! చుక్క!" అని బెకబెకలాడాడు. కిటికీ కింద, మెట్ల మీద, చివరికి చిరుత మూతి ముందు కూడా.

చిరుత నేరుగా కొమ్మయ్య తోక పట్టుకుంది. "పుట్టుకతోనే ఒళ్లంతా చుక్కలున్నాయి నాకు. కాగితం మీద ఒక్కటి వెయ్యడానికి నీకు చెయ్యి రాలేదా? కప్పకా వేశావు?"

నెమలి ఏడుస్తూ వచ్చింది. నక్క మాత్రం హుందాగా వచ్చింది. "చుక్కల మీద నాకు మోజు లేదయ్యా. కార్యదర్శికి లేకపోతే పదవికే అవమానమని వచ్చాను, అంతే."

ఆఖరికి సింహం వచ్చింది. "కప్పకు ఉన్నది నాకు లేదట. నిజమేనా?"

కొమ్మయ్య చేతులు జోడించాడు. "ప్రభూ, నిజం చెప్పేస్తాను. చుక్క అంటే పెద్ద గౌరవమేం కాదు. అందరూ తినగా మిగిలింది అని..."

"చూశావా నక్కా, మాట మారుస్తున్నాడు! ఇవ్వడం ఇష్టం లేక చుక్కనే తిడుతున్నాడు!"

"దారుణం ప్రభూ," అంది నక్క. "నాక్కూడా ఇలాగే ఎగ్గొట్టబోయాడు."

ఇంకేం చేస్తాడు? అంకెలన్నీ చెరిపేశాడు. అందరికీ చుక్కలే వేశాడు.

తెర ఒక్కసారి మినుకుమంది. ముందుగా తీసుకునేవాడు ఒక్కడూ లేడు, అందరిదీ మిగిలిందే. పాపం తెర మాత్రం ఏం చేస్తుంది? అరలన్నీ సమానంగా కోసిపెట్టింది.

సింహం ఉప్పొంగిపోతూ పైకి చూసింది. దాని అరలో జూలు మాత్రమే కనిపిస్తోంది.

"పైన ఆ ఎండుగడ్డి ఏమిటండీ?" అంది కుందేలు.

"కొమ్మయ్యా! నా మొహం ఏదిరా?"

"అంచు కింద ఉంది ప్రభూ. తోసి చూడ్డానికి లేదు, తమరే బిగించమన్నారు. చుక్క తీసేస్తే మొహం వచ్చేస్తుంది. కాకపోతే కప్పకు ఉండి తమకు..."

సింహం మీసం నమిలింది. "ఉండనీ," అంది.

నక్క కోతి చెవిలో మెల్లగా అడిగింది. "ఒకరికే రెండు చుక్కలు వెయ్యడం కుదురుతుందా?"

కుదురుతుంది. రెండు వేస్తే రెండు వాటాలు వస్తాయి. కానీ కొమ్మయ్య తోక ఇంకా నొప్పి పుడుతోంది. జీవితంలో మొదటిసారి అడవికి పనికొచ్చే అబద్ధం ఆడాడు. "కుదరదండీ."

చిప్పమ్మ బండ నీడలోంచి మెడ చాచింది. నీళ్ల అర ఇప్పుడు నిండుగా ఉంది. 'రేగుమడుగు: ఎండిపోయింది. వెదురుమడుగు: నీళ్లున్నాయి.' అక్షరాలకు తలలూ ఉన్నాయి, కాళ్లూ ఉన్నాయి. నమ్మకం చాలక ఇంకోసారి చదువుకుని బయల్దేరింది.

మెట్ల మీద బుడుంగయ్య దిగాలుగా కూర్చున్నాడు. "అందరికీ చుక్కలు ఇచ్చేశారు. ఇక నాకేం మిగిలింది అత్తా?"

"నీళ్లు మిగిలాయిరా వెర్రి వెధవా! లే, నాతో రా."

చిప్పమ్మ ముందు, ఆమె చిప్ప మీద ఎక్కి కూర్చున్న జల శాఖ వెనక, ఇద్దరూ వెదురుమడుగు చేరారు. గట్టు మీంచి ఆవిడ ముందుకు ఒరిగింది. మడుగు బుడుంగుమంది.

నీతి: సమానంగా పంచమని పెద్దల్ని బతిమాలకు, నీకు విసిరేసిన మిగులును మెడలో కట్టుకుని ఊరేగు, కుళ్లుకుని వాళ్లే సమానమైపోతారు.