కుర్చీకో కోటు

కౌలాలంపూర్ పౌరులకు సంతోషంతో తెలియజేయునది ఏమనగా: రబ్బరు ముద్రల మండలి వారి కొత్త కార్యాలయంలో ఉద్యోగులెవరూ చలికి వణకడం లేదు. ఇది ఘోర పరిణామమని మండలి ఏకగ్రీవంగా అభిప్రాయపడింది.

ఆ భవనాన్ని గీసిన ఆర్కిటెక్టు సల్వానీ. ఎండ తొంగిచూడకుండా కిటికీలకు రెక్కలు పెట్టింది. గాలి ఈ పక్క నుంచి ఆ పక్కకు పారేలా గోడలు తిప్పింది. ఏసీని ఇరవై ఏడు డిగ్రీల దగ్గర కట్టేసి, పెద్ద ఫ్యాన్లు తోడిచ్చింది. మనిషి కదలని చోట దీపాలూ ఏసీలూ వాటంతటవే ఆరిపోతాయి. మొదటి ఏడాది కరెంటు వాడకం హద్దు దాటకపోతే భవనానికి హరిత ఫలకం వస్తుంది. దాటిందా, మండలి ఇకపై కట్టేవన్నీ మళ్లీ అద్దాల పెట్టెలే. సల్వానీ గీతలన్నీ అటకెక్కినట్టే.

ప్రారంభోత్సవంలో అధ్యక్షులు, 'దాతుక్' బిరుదాంకితులు బహారిన్ గారు ఉన్ని కోటులో చెమటలు కక్కుతూ, "ఒక్క యూనిట్టు వృథా అయినా సహించను!" అని గర్జించారు. గర్జించి, గంట నుంచీ ఇంజిను ఆపకుండా చల్లబరుస్తున్న కారెక్కి వెళ్లిపోయారు.

నెల తిరక్కుండా సిబ్బంది నుంచి అర్జీ వచ్చింది. ఏసీని పద్దెనిమిదికి దించాలట. సల్వానీ ఉష్ణమాపకం పట్టుకుని అంతస్తులన్నీ తిరిగితే ఒక్క నుదుట చెమట చుక్క లేదు. ఆమె అవస్థ చూడలేక పాత గుమాస్తా రోకియా కింద టీ కొట్టుకి లాక్కెళ్లింది.

"నీ బిల్డింగు ఎంత హాయిగా ఉందో తెలుసా అమ్మాయ్! అదే మా కొంప ముంచింది."

"హాయిగా ఉంటే అర్జీ ఎందుకక్కా? అందులో మొదటి సంతకం నీదే!"

"పాత ఆఫీసు ఫ్రిజ్జమ్మా. అందరికీ కోట్లుండేవి. ఐదింటికి కోటు కుర్చీకి తగిలించి ఇంటికెళ్లిపోయేవాళ్లం. తర్వాత ఎవరొచ్చి చూసినా, ఇక్కడే ఎక్కడో ఉన్నారులే అనుకునేవారు. ఇప్పుడీ వెచ్చదనంలో కోటు తెస్తే పిచ్చాసుపత్రికి పంపుతారు. పైవాళ్లకంటే ముందు కుర్చీ ఖాళీగా కనబడకూడదు కదా, దాంతో రోజూ చీకటి పడేదాకా ఉత్తినే కూర్చుంటున్నాం. ఇంట్లో వంట మా ఆయనదే."

"పాపం, ఆయనకి కష్టమే."

"ఆయనకేం కష్టం? అది తినేది నేను!"

కోట్ల రింగిట్లు పోసి కట్టిన భవనం కోట్లకే ఎసరు పెట్టిందన్నమాట. సల్వానీ పరుగున దాతుక్ గారి గదికి చేరేసరికి ఆయన అర్జీ మీద సంతకానికి కలం విప్పుతున్నారు.

"ఆగండి దాతుక్! కుర్చీ వీపు వేడి పీల్చుకుంటుంది. దానికి కోటు కప్పితే గది చల్లగా ఉంటుంది. పద్దెనిమిది అక్కర్లేదు, ప్రతి కుర్చీకీ కోటు తప్పనిసరి చేస్తే చాలు."

తను చదివిన చదువులో ఇలాంటిదేదీ లేదని ఆమెకు తెలుసు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ప్రతి కుర్చీకీ అంటే... అధ్యక్షుడి కుర్చీకి కూడానా?"

"మీది పెద్ద కుర్చీ కదండీ, అదే ఎక్కువ వేడి పీలుస్తుంది."

"సైన్సు సైన్సే!" అంటూ దాతుక్ గారు అర్జీని నాలుగు ముక్కలు చేశారు.

మర్నాటి నుంచి ఐదింటికల్లా సిబ్బంది చల్లగా జారుకున్నారు. కదలిక కనబడక దీపాలూ ఏసీలూ వెంటనే కళ్లు మూసుకున్నాయి. ఒక సాయంత్రం సల్వానీ వెళ్లి చూస్తే వరసలు వరసలుగా కోట్లు చీకట్లో క్రమశిక్షణగా కూర్చుని ఉన్నాయి. చివరి గదిలో పతకాలతో సహా దాతుక్ గారి కోటు ఒంటరిగా దేశసేవ చేస్తోంది. మంత్రి గారి ఫోను మోగి మోగి ఊరుకుంది.

ఏడాది తిరిగేసరికి వాడకం హద్దులో సగమైనా లేదు. మండలి పని తగ్గిందని మాత్రం ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఫలకం అందుకుంటూ దాతుక్ గారు గద్గద స్వరంతో ప్రసంగించారు: "నా సిబ్బంది కుర్చీ వదలరు! దీపమైనా వేసుకోరు! చీకట్లో కూర్చుని దేశానికి వెలుగు చూపుతున్నారు!"

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది సల్వానీయే. అప్పుడు మధ్యాహ్నం మూడు. ఊరికి ఆ చివరనున్న ఆమె ఆఫీసులో ఆమె కోటు ఒళ్లు దాచుకోకుండా పనిచేస్తోంది.

అన్నట్టు, తమరు తీరిగ్గా ఇది చదువుతున్నారు కదా, అక్కడ మీ కుర్చీలో ఎవరున్నట్టు?