లిఫ్ట్ ఆగితే గుండెకు మేలు

లిఫ్ట్ పాడైందని ఏడ్చేవాళ్లంత అమాయకులు లోకంలో ఉండరు! మా అయిదంతస్తుల బిల్డింగులో లిఫ్ట్ ఆగి నాలుగు నెలలైంది. బాగుచేయించాల్సిన సెక్రటరీని నేనే. చేయించలేదు. ఎందుకంటారా? అందరి గుండెల మీదా నాకున్న ప్రేమ కొద్దీ!

మా డాక్టరుగారు ఫోన్‌లో ఓ సులువైన కొలత చెప్పారు. "వ్యాయామం చేస్తుంటే మాట రావాలి, పాట రాకూడదు. పాట కూడా వస్తోందంటే ఒళ్లు వంచట్లేదని. మాటే రాకపోతే మరీ ఎక్కువైంది, కాస్త తగ్గండి."

ఆ మాటను బిల్డింగులో అందరికీ ఫోన్‌లో చేరవేశాను. ఈ పరీక్షకు మెట్లను మించిన చోటుందా? మూడో అంతస్తు హెడ్మాస్టరుగారు ప్రతి మలుపులోనూ ఆగి పల్లవి ఎత్తుకుంటారు. గొంతు పెగలకపోతే ఆయన సంతోషిస్తారు. మేము అంతకన్నా సంతోషిస్తాం. ఇన్సూరెన్స్ ఏజెంటు నా తలుపు దాకా వచ్చి నోరు తెరిస్తే గాలే వస్తుంది. మంచినీళ్లు తాగి దిగిపోతాడు. మా బావమరిదైతే కిందనుంచే, "బావా, బాగున్నావా? సరే, ఉంటా" అని ఫోన్ పెట్టేస్తున్నాడు. ఇంకేం కావాలండీ?

మెకానిక్‌ను పిలవాలని కొందరు గొడవ చేస్తే మీటింగు పెట్టాను. ఎక్కడ? అయిదో అంతస్తులో, నా ఫ్లాట్‌లోనే! పైకి వచ్చేసరికి ఒక్కరికీ ఎదురు చెప్పే ఊపిరి లేదు. వద్దన్న తీర్మానం ఏకగ్రీవం!

అందరూ వెళ్లాక మా ఆవిడ రెండు చేతులా సంచులతో, కూనిరాగం తీస్తూ లోపలికొచ్చింది. పాట! నా గుండె గుభేలుమంది.

"నీకు వ్యాయామం చాలట్లేదోయ్" అన్నాను దిగులుగా.

"రోజుకు ఆరుసార్లు ఎక్కి దిగుతుంటే అలవాటు కాదా? ఇంతకీ మీరు గడప దాటి ఎన్నాళ్లయింది?"

గుర్తు చేసుకున్నాను. నాలుగు నెలలు. ఇంట్లో కూర్చుని రాసుకునేవాడికి కింద ఏం పని?

"బియ్యం బస్తా వాచ్‌మన్ దగ్గరుంది. మీ గుండె కోసమే వదిలేసి వచ్చాను, తెచ్చుకోండి" అంది.

ప్రస్తుతం రెండో అంతస్తు మలుపులో ఆ బస్తా మీదే కూర్చున్నాను. పాట సంగతి దేవుడెరుగు, మాటే రావట్లేదు. హెడ్మాస్టరుగారు నన్ను దాటుకుంటూ, "మరీ ఎక్కువైనట్టుంది, కాస్త తగ్గండి" అని పైకి వెళ్లిపోయారు.

మెకానిక్‌గారూ, ఫోన్ చేద్దామంటే నోరు పెగలట్లేదు, అందుకే రాస్తున్నాను. వెంటనే రండి. తీర్మానం సంగతి నేను చూసుకుంటాను.