రిబ్బన్ కట్టిన పియానో

ప్రపంచంలోని పియానోలన్నీ ఇక మనవైపే చూస్తాయని సాంస్కృతిక మంత్రిగారు ప్రకటించారు. చూడక చస్తాయా! అంతర్జాతీయ పియానో పోటీకి ప్రారంభోత్సవం, ఫైనల్సు, బహుమతి ప్రదానం అన్నీ ఒకే పూటలో పెట్టించిన దార్శనికుడు భూమ్మీద ఇంకొకరుంటే నా మీసం తీయించుకుంటాను.

మా మనవరాలు ఫైనల్సుకు వచ్చింది. వయసు నిబంధన ప్రకారం ఇదే ఆఖరి అవకాశం. మొదటి బహుమతి వస్తే దేశదేశాల్లో కచేరీలు, లేకపోతే పిల్లలకు ట్యూషన్లు. ముందు వరుసలో కూర్చుని దాని చెమట కూడా నేనే కక్కుతున్నాను.

వేదిక మీద పియానో నిగనిగలాడుతోంది. మీటల మీద మూత దించి, చుట్టూ ఎర్ర రిబ్బన్ బిగించారు. మంత్రిగారు కత్తిరిస్తే గానీ మూత లేవదు. మంత్రిగారు దారిలో ఉన్నారు. పొద్దున్నుంచీ దారిలోనే ఉన్నారు. అంత పొడుగు దారి వేయించిందీ ఆయనే.

జడ్జీల పెద్ద, మంత్రిగారి పి.ఎ. దగ్గరికి వచ్చాడు.

"రిబ్బన్ విప్పించండి సార్, పోటీ మొదలెట్టాలి."

"విప్పేస్తే ఆయనొచ్చి దేన్ని ప్రారంభిస్తారండీ?"

"పోనీ, వచ్చాకే మొదలెడదాం."

"రాగానే బహుమతులిచ్చి వెళ్ళిపోతారు. విజేతలు రెడీగా ఉండాలి."

"మూత తియ్యకుండా వాయించేదెలా?"

"ఇంటర్నేషనల్ లెవెల్ వాళ్ళు. మూతొక లెక్కా?"

జడ్జీల పెద్ద గడ్డం గోక్కుని, మైకు ముందుకొచ్చి, ఈసారి వేళ్ళ పనితనానికే మార్కులని ప్రకటించాడు. కార్యకర్తలు చప్పట్లు కొట్టారు.

పొడుగు జుట్టు కుర్రాడు మూత మీద వేళ్ళు పరుగెత్తించి, చివర్లో తల వెనక్కి విసిరాడు. కళ్ళజోడమ్మాయి మూత మీద కన్నీళ్ళు కూడా రాల్చింది. నా పక్కనున్న విలేఖరి "మంద్రంలో గాంభీర్యం" అని రాసుకున్నాడు.

"వినబడిందా బాబూ?"

"మీకు వినబడలేదా పెద్దాయనా?"

చెవుడనుకుంటాడని, బ్రహ్మాండంగా వినబడిందన్నాను.

మా మనవరాలు వెళ్ళి కూర్చుంది. చేతులు మాత్రం ఒళ్ళోంచి తియ్యలేదు.

"మోగకపోతే నేను వాయించనండీ. ఆయనొచ్చేదాకా ఇక్కడే ఉంటాను."

"ఆ మూతే వాయించవే తల్లీ, పుణ్యముంటుంది!" అని కేకేశాను.

"నువ్వూరుకో తాతయ్యా."

పి.ఎ. బతిమాలాడు, బెదిరించాడు. అది కదల్లేదు. ఇంతలో సైరన్ మోగింది. మంత్రిగారు వచ్చి రిబ్బన్ కత్తిరించారు. సంగీతం వింటున్న ఫొటో కావాలని కెమెరాల వాళ్ళు అడగడంతో కుర్చీలో కూర్చున్నారు.

అప్పుడు వాయించింది మా పిల్ల. ఏం చెప్పను! సెల్‌ఫోన్లు చూసుకుంటున్న కార్యకర్తలు కూడా తలెత్తారు. నేను మా ఆవిడ పోయాక మళ్ళీ ఇప్పుడే ఏడ్చాను. ఒకే ఒక్కచోట దాని వేలు జారింది.

ఫలితాలు వచ్చాయి. కుర్రాడికి ప్రథమ, కళ్ళజోడమ్మాయికి ద్వితీయ, మా పిల్లకు ప్రోత్సాహక బహుమతి.

"అన్యాయమండీ!" అంటూ లేచాను.

"మిగతా ఇద్దరి వాయింపులో ఒక్క తప్పు వినబడిందా? మీరే చెప్పండి" అన్నాడు జడ్జీల పెద్ద.

విలేఖరి నావైపే చూస్తున్నాడు. కూర్చున్నాను.

"వేలు జారిన మాట నిజమేగా తాతయ్యా," అంది మనవరాలు, పెదవి కొరుక్కుంటూ.

మంత్రిగారు కుర్రాడి మెడలో పతకం వేసి, భుజం తట్టారు.

"ఏదీ బాబూ, మాకోసం ఇంకోసారి!"

కుర్రాడు తెరిచివున్న మీటల వంక చాలాసేపు చూశాడు. తరవాత పి.ఎ. వైపు తిరిగాడు.

"రిబ్బన్ ఇంకేమైనా మిగిలిందా సార్?"