రేడియేటరులో గంజి

వరద నీళ్ళు వీధిలో కిటికీల అంచు దాకా వచ్చి, మూడు రోజులు కదలకుండా కూర్చున్న ఏడాది అది. నీళ్ళు తీసి ఏడు నెలలైనా గోడల మీద ఆ గీత అలాగే ఉంది. లాండ్రీ పెద్దాయన పాత డీజిల్ వ్యాను తలుపుల మీదా ఉంది. అందుకని ఆ వ్యానుకి ఏ రోగం వచ్చినా ఇంటిల్లిపాదీ వరదనే తిట్టేవాళ్ళు. హారను మోగకపోతే వరద, సీటు కుంగితే వరద. సీటు వరదకి పదేళ్ళ ముందే కుంగిందన్న సంగతి పెద్దాయనకి తెలుసు. ఆయన చెప్పలేదు.

ఆయన ఏదీ చెప్పడు. పొద్దున్న లేచింది మొదలు పడుకునే దాకా పది మాటలు మాట్లాడితే ఆ రోజు ఇంట్లో విశేషం జరిగినట్టు. అలాంటి మనిషితో ముప్ఫయ్యేళ్ళు కాపురం చేసి, ఏ పనైనా అడక్కుండా చేసేయడమే ఆయన భార్యకీ అలవాటైపోయింది. ఇస్త్రీ చేసే బావమరిది నోరు మూత పడదు గానీ, అతనూ తను చేసిన పని తప్ప ప్రపంచంలో మిగతావన్నీ మాట్లాడతాడు.

ఆ రోజు ఉన్నది ఒక్కటే పని. ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేసిన ఎనభై దుప్పట్లు తొమ్మిదిలోగా ఆసుపత్రిలో దించాలి. ఆ నెలంతా ఆలస్యమే. మొన్న ఆసుపత్రి స్టోరు మేడమ్ లెక్కల పుస్తకం మూసి మరీ చెప్పింది. "ఇంకొక్కసారి తొమ్మిది దాటితే మీ ముఖం చూడను, పెద్దాయనా. కొత్త వ్యానున్న వాళ్ళు రోజూ వచ్చి అడుగుతున్నారు." ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ దుప్పట్ల మీదే. పెద్దాయనకి ముందు రోజు రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో ఎవరికీ చెప్పలేదు.

పొద్దున్నే మూటలు ఎక్కించి చూస్తే వ్యాను మూతి కింద నీళ్ళు. వంగి చూశాడు. చుక్క, కాసేపాగి ఇంకో చుక్క. మూడు రోజులు వరదలో నానిన రేడియేటరు, తుప్పు పట్టి చిల్లు పడింది, అంతే. చిల్లు ఎక్కడుందో తెలియాలంటే నీళ్ళకి రంగుండాలి. లాండ్రీలో రంగుకి కరువేముంది? సీసాలో ఉన్న నీలిమందు సగం రేడియేటరులో వంపి, రంగు దిగేలోగా టీ తాగుదామని లోపలికి వెళ్ళాడు.

ఆయన అటు వెళ్ళగానే ఆవిడ ఇటు వచ్చింది. కింద నీలం చుక్కలు చూసి విషయం అర్థం చేసుకుంది. పెళ్ళికి ముందు వాళ్ళ నాన్న చిల్లు పడిన ఇనప తొట్టికి గంజిపొడి మెత్తి ఏడాది నడిపాడు. చెబితే ఈయన తల అడ్డంగా ఊపుతాడు. ఎందుకొచ్చిన గొడవ అనుకుని రెండు డబ్బాల గంజిపొడి రేడియేటరులో పోసి, పుల్లతో తోసి, మూత బిగించి, చేతులు కడుక్కుని లోపలికి పోయింది.

తర్వాత బావమరిది వచ్చాడు. కారే నీళ్ళ రంగేమిటో చూసుకునే ఓపిక అతనికి లేదు. కారే చోట సబ్బు రుద్దితే ఆగుతుందని అతనికి ఎవరో లారీ డ్రైవరు చెప్పాడు. రుద్దడానికి చెయ్యి దూరలేదు. బయట రుద్దే సబ్బు లోపల పడితే మాత్రం పనిచేయదా? నిమ్మకాయ వాసన సబ్బు బిళ్ళ ఒకటి సన్నగా తరిగి లోపల వేసి, పైదాకా నీళ్ళు పోశాడు. ఆ విధంగా, దుప్పటి ఉతకడానికి ఏమేం కావాలో అన్నీ రేడియేటరులో సమకూరాయి. దుప్పటి ఒక్కటే తక్కువ.

పెద్దాయన వచ్చి చూస్తే నీళ్ళు నిండుగా ఉన్నాయి. కింద మడుగంతా నీలమే, చిల్లు ఎక్కడని పోల్చుకోవడం? ఏడున్నరయింది. దేవుడి మీద భారం వేసి స్టీరింగు పట్టుకున్నాడు. బావమరిది పక్కన కూర్చున్నాడు.

"బావా, ఇవాళ ఇంజను మెత్తగా ఉంది, విన్నావా?"

పెద్దాయన వినలేదు. ఆయన కళ్ళు వేడి చూపించే ముల్లు మీద ఉన్నాయి. అది వంతెన ఎక్కకముందే ఎర్రగీతని తాకింది. వంతెన నడిమధ్యలో వ్యాను ఒకసారి దగ్గి ఆగిపోయింది. ముందు జాలీలోంచి నీలం నురగ మెల్లగా, తీరుబడిగా బయటికి రావడం మొదలుపెట్టింది.

"ఇదేంటి బావా, నీలంగా ఉంది?" అన్నాడు బావమరిది. సబ్బు తెలుపు కదా అని అతని అనుమానం.

నురగెందుకు వస్తోందని పెద్దాయన అనుమానం. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఎవరి పాపం వాళ్ళు కడుపులో దాచుకున్నారు.

ఇద్దరూ కిందికి దిగారు. బావమరిది గబుక్కున మూటలోంచి ఒక దుప్పటి లాగి, చేతికి చుట్టుకుని, రేడియేటరు మూత పట్టి తిప్పాడు.

"వద్దు!" అన్నాడు పెద్దాయన. ఆ రోజు ఆయన నోటి వెంట వచ్చిన మొదటి మాట అదే. అదీ ఆలస్యంగానే వచ్చింది.

మూత ఎగిరి నదిలో పడింది. దాని వెనకే నిలువెత్తున నీలం గంజి లేచింది. అదృష్టవశాత్తూ దుప్పటి అడ్డుపడబట్టి కాలలేదు గానీ, ఇద్దరూ నెత్తి నుంచి గడ్డం దాకా నీలమైపోయారు. నురగ రోడ్డుకి అడ్డంగా పాకింది. ముందు సైకిళ్ళు ఆగాయి, వాటి వెనక బస్సులు, బస్సుల వెనక ఊరు.

పోలీసు ఈల వేసుకుంటూ వచ్చాడు. "వ్యానులో ఏముంది?"

"దుప్పట్లు," అన్నాడు బావమరిది.

"దుప్పట్లు నీలంగా పొంగుతాయా? ఇంజన్లో ఏం పోశారు?"

ఇద్దరూ నేల చూపులు చూశారు. పోలీసు రెండడుగులు వెనక్కి వేశాడు.

"వాసన చూడండి సార్, నిమ్మకాయ వాసన!" అన్నాడు బస్సు కిటికీలోంచి ఒకాయన. "విషవాయువులన్నీ మొదట అలాగే ఉంటాయట!"

ఆ మాట వంతెన ఈ చివర్నుంచి ఆ చివరికి పోయేలోపల విషవాయువు కాస్తా ట్యాంకరు అయింది, ట్యాంకరు పేలింది, పదిమంది పడిపోయారు. జనం చెప్పులు వదిలి పరిగెత్తారు. వంతెన రెండు వైపులా తాళ్ళు కట్టేశారు. ఫైరింజను వచ్చి నురగ మీద నీళ్ళు కొట్టింది. సబ్బు నురగ మీద నీళ్ళు కొడితే ఏమవుతుందో లాండ్రీ వాళ్ళకి వేరే చెప్పాలా? పెద్దాయన నెత్తిన చెయ్యి పెట్టుకుని రోడ్డు మీదే కూలబడ్డాడు. చెయ్యి కూడా నీలమే. గోడల మీద గీత పెట్టి పోయిన వరద, తనని మాత్రం ఎందుకు వదిలేసి పోయిందా అనిపించింది.

బావమరిది జేబులో ఫోను మోగింది. స్టోరు మేడమ్.

"ఎక్కడ చచ్చారయ్యా? వంతెన మీద విషం లీకయిందట, నలభై మంచాలు సిద్ధం చేయమంటున్నారు. నా దగ్గర ఒక్క దుప్పటీ లేదు. వంతెన దగ్గరికి మాత్రం రాకండి, చుట్టు తిరిగి రండి!"

"మేము... చుట్టు తిరిగే స్థితిలో లేం మేడమ్," అన్నాడు బావమరిది.

అప్పటికే అంబులెన్సు వచ్చింది. నీలంగా మారిన రెండు ముఖాలు చూసి అందులో ఉన్న నర్సు "అయ్యో, విషం ఒళ్ళంతా పాకిపోయింది!" అని స్ట్రెచరు దింపించింది. పెద్దాయన వ్యాను తలుపు పట్టుకుని వదల్లేదు.

"దుప్పట్లు వస్తేనే వస్తా," అన్నాడు.

"పాపం, మాటలు తడబడుతున్నాయి. రోగి ఏమంటే అది చేయండి," అంది నర్సు. మూటలన్నీ అంబులెన్సులోకి ఎక్కించారు. వాటి మీద వీళ్ళిద్దర్నీ పడుకోబెట్టారు. దారిలో బండ్లన్నీ పక్కకి తప్పుకున్నాయి. ముప్ఫయ్యేళ్ళలో పెద్దాయనకి ఎవరైనా దారి ఇవ్వడం అదే మొదలు.

ఆసుపత్రిలో డాక్టరు తడి దూదితో పెద్దాయన చెంప తుడిచి, దూది వాసన చూసి, "ఇది నీలిమందు," అన్నాడు. "మా అమ్మ వాడేది." అంబులెన్సు వెనకే వచ్చిన పోలీసు పావుగంట తిట్టాడు. పెద్దాయన తిట్లు వినడం లేదు. స్టోరు మేడమ్ పుస్తకం తెరవడం చూస్తున్నాడు. ఇక అయిపోయింది, ముఖం చూడనంటుంది అనుకున్నాడు.

మేడమ్ దుప్పట్లు లెక్కపెట్టింది. డెబ్బై తొమ్మిది. ఎనభయ్యోది బావమరిది మెడలో ఉంది. గోడ గడియారం వైపు చూసింది.

"విషమో సబ్బో నాకనవసరం. తొమ్మిదికి పావుగంట ముందే తెచ్చారు. ఇలా తెచ్చేట్టయితే రేపట్నుంచి పై అంతస్తు దుప్పట్లు కూడా మీరే తెచ్చేయండి. రోజుకి నూట అరవై."

పెద్దాయన నోరు తెరిచాడు. చెప్పవలసింది చాలా ఉంది. అలవాటు లేక ఏదీ రాలేదు.

సాయంత్రం వ్యానుని వంతెన కింద మెకానిక్కు షెడ్డులోకి తోశారు. సంగతి తెలిసి ఆవిడా వచ్చింది. మెకానిక్కు రేడియేటరులో వేలు పెట్టి, జిగురులా సాగుతున్న నీలం ముద్దని బయటికి లాగాడు.

"పెద్దాయనా, నిజం చెప్పు. ఏం పోశావు?"

"నీలిమందు," అన్నాడు పెద్దాయన.

"కొంచెం గంజిపొడి," అంది ఆవిడ పైటతో మూతి కప్పుకుని.

"సబ్బు," అన్నాడు బావమరిది. "చిన్న బిళ్ళే!"

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. మెకానిక్కు కిందికి దూరి, రేడియేటరు నుంచి ఇంజనుకి పోయే రబ్బరు గొట్టాన్ని కదిపాడు. దాని క్లిప్పు వదులుగా ఆడింది. స్క్రూడ్రైవరుతో రెండు తిప్పులు తిప్పాడు.

"కారింది ఇక్కడ. రేడియేటరుకి పొద్దున్న దాకా ఏ జబ్బూ లేదు."

"మరి వరద నీళ్ళకి..." అంది ఆవిడ.

"వరద దీన్నేం చేయలేకపోయిందమ్మా. మీరు చేశారు. గంజి లోపల ఉడికి గట్టిపడింది. ఇప్పుడు చిల్లు పొడిచినా చుక్క కారదు. విప్పి, సన్న గొట్టాలన్నీ ఒక్కొక్కటీ పొడవాలి. పది రోజులు పడుతుంది."

ఇంటికి నడిచి వచ్చారు.

మర్నాడు పొద్దున్న పెద్దాయన అందరికంటే ముందు లేచాడు. పక్క వీధిలో కూరగాయల వాడి తోపుడు బండి అడిగి తెచ్చాడు. నూట అరవై దుప్పట్లూ దాని మీద పేర్చి తాడు బిగించాడు. తర్వాత పెళ్ళాన్నీ బావమరిదినీ వాకిట్లోకి పిలిచి, బండి చుట్టూ ఒకసారి తిప్పి చూపించాడు.

"దీన్లో ఏమీ పోయక్కర్లేదు," అన్నాడు.