బ్రాంబుల్‌వెల్ ప్రభువుగారికి కాత్యాయని ఏమవుతుంది

ఒక దేశం ఎంత నాగరికమైనదో తెలుసుకోవాలంటే దాని వంతెనలూ ఆసుపత్రులూ చూడనక్కర్లేదు. పార్కు బెంచీకి అరచేతంత ఇత్తడి రేకు బిగించడానికి ఎన్ని పేజీల ఫారం పెట్టిందో చూస్తే చాలు. ఆ విధంగా చూస్తే ఆస్ట్రేలియా మహా నాగరికమైన దేశం. ఇరవై రెండు పేజీలు.

అక్కడి టూంగాబీ అనే పేటలో కూతురి ఇంట్లో ఉంటున్న కేశవరావుకు ఆ రేకు కావలసి వచ్చింది. భార్య కాత్యాయని పోయి పద్నాలుగు నెలలైంది. అంతకు ముందు ఆరేళ్ల పాటు ఆమె రోజూ సాయంత్రం బ్రాంబుల్‌వెల్ పార్కులో ఒకే బెంచీ మీద కూర్చునేది. ఆ బెంచీ మీద ఆమె పేరుండాలని ఆయన కోరిక. అంతకు మించి పెద్ద కోరికలేవీ ఆయనకు మిగల్లేదు (షుగర్ ఉంది కనుక మైసూరుపాకును లెక్కలోకి తీసుకోకూడదు).

పార్కులు చూసుకునే కౌన్సిల్ ఆఫీసు కౌంటర్లో ఉన్న తేజస్విని వరంగల్ నుంచి చదువుకని వచ్చి స్థిరపడిన పిల్ల. ఫారం తిప్పి చూపించింది.

“సెక్షన్ ఏ, బీ ఈజీ అంకుల్. సీ ఒక్కటే కొంచెం లాంగ్ ఉంటది.”

“అందులో ఏం రాయాలమ్మా?”

“పార్క్ ఎవరి పేరు మీద ఉందో ఆయనతో ఆంటీకి కనెక్షన్ చూపించాలి. ఆయన లైఫ్, ఫ్యామిలీ, పొలిటికల్ కెరీర్, అన్నీ.”

“ఎవరమ్మా ఆయన?”

“నాకు తెల్వదు అంకుల్. ఇక్కడ ఎవ్వరికీ తెల్వదు. అందుకే రాయమంటున్నరు అనుకుంటా.”

మరొకరికైతే కోపం వచ్చేది. కేశవరావు ముప్పై రెండేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో సెక్షన్ సూపరింటెండెంటుగా పనిచేసిన మనిషి. ఎదురుగా నిలబడ్డ రిటైర్డు మాస్టారిని, బతికే ఉన్నట్టు కాగితం తెమ్మని మూడుసార్లు తిప్పి పంపినవాడు. పరాయి దేశంలో ఆ ఫారం చూస్తే ఆయనకు సొంతవాళ్లు కనిపించినట్టయింది. తేజస్విని కాగితాలన్నీ సర్ది స్టేపుల్ కొట్టి మరీ ఇచ్చింది. తన సర్వీసులో తాను ఎవరికీ స్టేపుల్ కొట్టి ఇవ్వలేదని ఆయనకు ఇంటికెళ్లే బస్సులో గుర్తొచ్చింది.

మర్నాటి నుంచి లైబ్రరీకి వెళ్లసాగాడు. అక్కడ హీటరు పక్కన ఒక కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉండేది. అదీ ఒక అదృష్టమే. ఆరు వారాల్లో ప్రభువుగారి చరిత్ర తేలింది.

ఎడ్మండ్, నాలుగవ లార్డ్ బ్రాంబుల్‌వెల్, 1809లో మూడో కొడుకుగా పుట్టాడు. పెద్దన్న గుర్రం మీద నుంచీ, చిన్నన్న మెట్ల మీద నుంచీ పడిపోవడంతో, ఎక్కడా ఎక్కే అలవాటు లేని ఈయనకు బిరుదు దక్కింది. నలభై ఒక్క ఏళ్లు ప్రభువుల సభలో కూర్చుని రెండుసార్లు మాట్లాడాడు. మొదటిసారి కిటికీ మూయమన్నాడు. రెండోసారి, పదేళ్ల తర్వాత, ఉక్కపోస్తోందన్నాడు. వలస రాజ్యాల వ్యవహారాల శాఖకు పదకొండు వారాలు ఉపమంత్రిగా ఉన్నాడు. ఆ పదకొండు వారాల్లోనే ఎవరో గుమాస్తా పటంలో ఖాళీ జాగా చూసి, పైవాడి మెప్పు కోసం ఆయన పేరు రాశాడు. ప్రభువుగారు ఆస్ట్రేలియాకు రాలేదు. ఆయనకు తన తోటలోని చెరువులో పడవెక్కినా కడుపులో తిప్పేది.

కేశవరావుకు ఆ మనిషి నచ్చాడు. పని చేయకుండా పేరు తెచ్చుకున్నవాళ్ల పట్ల మాజీ సూపరింటెండెంట్లకు సహజంగా ఉండే గౌరవం అది.

ఒక సాయంత్రం కూతురు కుసుమ ప్రింటరు దగ్గర ఆగింది.

“నాన్నా, ఈ పోర్ట్రెయిట్ ఎవరిది?”

“లార్డ్ గారి అత్తగారిది.”

“అమ్మ ఫొటో ఒకటి సెలెక్ట్ చేయమని లాస్ట్ మంత్ నుంచి అడుగుతున్నా. ఈవిడది కలర్‌లో తీశావు.”

“సెక్షన్ సీ ముందుంది కదమ్మా. వరసగా వెళ్లాలి.”

“అమ్మది ఏ సెక్షన్?”

“ఈ.”

కుసుమ ప్రింటరులో కాగితాలు నింపి వెళ్లింది.

ఇక మిగిలింది సంబంధం. ఇద్దరు తెలుగువాళ్లను బల్లకు చెరో పక్క కూర్చోబెడితే, కాఫీ చల్లారేలోగా ఇద్దరూ ఏదో ఒక వరసన బంధువులని తేలుతుంది. మధ్యలో సముద్రం ఉన్నంత మాత్రాన ఆ విద్య ఆగదు. ప్రభువుగారి తమ్ముడు ఒకాయన బందరులో కలెక్టరుగా చేశాడని ఒక ఉత్తరంలో ఉంది. కాత్యాయనిది బందరే. కేశవరావు వెంటనే సీతారావమ్మకు ఫోన్ చేశాడు. ఆవిడ కాత్యాయనికి మేనత్త. కేశవరావు పెళ్లాడింది మేనమామ కూతుర్నే కనుక ఆయనకు పిన్ని.

“కలెక్టరు దొరా? మా ముత్తాత ఆయన గుర్రాలకు ఉలవలు తోలేవాడురా కేశవా.”

“కాగితం ఏమైనా ఉందా పిన్నీ?”

“ఉలవలకు కాగితం ఏవిట్రా? గుర్రాలు తినేశాయి.”

దాన్నే వాంగ్మూలంగా రాసి జతపరిచాడు. అక్కడితో ఆగితే సూపరింటెండెంటు ఎలా అవుతాడు? ప్రభువుగారు కూడా మేనమామ కూతుర్నే చేసుకున్నట్టు బయటపడింది. వంశవృక్షంలో ఆ అమ్మాయిని కజిన్ అని మాత్రమే రాశారు. ఆ ఒక్క మాటతో అంత పెద్ద సామ్రాజ్యాన్ని ఎలా నడిపారో ఆయనకు అర్థం కాలేదు. మేనత్త కొడుకు, పెత్తల్లి కూతురు మొదలుకొని ఇరవై మూడు వరసలకు పట్టిక వేసి, ఎవరిని చేసుకోవచ్చో ఎవరిని చేసుకోకూడదో గుర్తులు పెట్టి, అనుబంధం నాలుగుగా చేర్చాడు.

వంశస్థుల అనుమతి కూడా కావాలన్నారు. ఇంగ్లండులోని ఇప్పటి లార్డ్ బ్రాంబుల్‌వెల్‌కు ఉత్తరం వెళ్లింది. మూడు వారాలకు మర్యాదగా జవాబొచ్చింది. తనకేమీ అభ్యంతరం లేదనీ, తన తల్లి పేరున సొంత ఊళ్లో బెంచీ కోసం తానూ నాలుగేళ్లుగా తిరుగుతున్నాననీ, కేశవరావుగారు వాడిన ఫారం నకలు ఒకటి పంపగలరా అనీ.

కేశవరావు నూట పద్దెనిమిది పేజీల సెక్షన్ సీ కట్టాడు. సెక్షన్ ఈలో, ‘మృతుల గురించి’ అన్నచోట, గడువు దగ్గర పడటంతో మూడు ముక్కలు రాశాడు: గృహిణి. మంచి మనిషి. ఎవరినీ ఏమీ అడిగేది కాదు.

స్మారక అనుబంధాల ఉపసంఘం (ఏడుగురు సభ్యులు, ఒక పరిశీలకుడు, ఆ పరిశీలకుడిని పరిశీలించే ఒకావిడ) రెండుసార్లు సమావేశమై తీర్పు పంపింది.

‘బ్రాంబుల్‌వెల్ ప్రభువుతో దరఖాస్తుదారుకు గల అనుబంధం ప్రశంసనీయంగా రుజువైంది. భార్యతో గల అనుబంధానికి తగిన వివరాలు లేవు. ఇరవై ఎనిమిది రోజుల్లోగా సెక్షన్ ఈ తిరిగి సమర్పించనిచో బెంచీ తదుపరి దరఖాస్తుదారుకు కేటాయించబడును.’

కేశవరావు ఉత్తరం రెండుసార్లు చదివాడు. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని వృత్తిరీత్యా వెతికాడు. దొరకలేదు.

మర్నాడు సాయంత్రం ఫారం పట్టుకుని పార్కుకు వెళ్లి ఆ బెంచీ మీద కూర్చున్నాడు. ఇన్నేళ్లలో అక్కడ కూర్చోవడం అదే మొదలు. ఆయన అక్కడికి వచ్చేది నడవడానికి. పక్క పేట పెండిల్ హిల్ నుంచి వచ్చే కరీంనగర్ మనిషి విఠల్ ఆయన వెనకే నడిచేవాడు. ఇవాళా నడుస్తున్నాడు.

మొదటి ప్రశ్న: మృతులు ఈ బెంచీని ఏ ప్రయోజనానికి వాడేవారు? ‘మోకాళ్ల నొప్పి’ అని రాయబోయి ఆయన తలెత్తి చూశాడు. గేటు పక్కన నీడలో మెత్తని బెంచీ ఉంది. అది వదిలేసి ఇంతదూరం ఎందుకు నడిచొచ్చేదో తెలియలేదు. మిగతా బెంచీలకు చెట్లు అడ్డం. దీని మీద నుంచి మాత్రం దారి మొత్తం, వాగు పక్క దిగుడుతో సహా, కనిపిస్తోంది. విఠల్ ఎక్కడా కనుమరుగు కాకుండా ఒక చుట్టు తిరిగొచ్చి ఆగాడు.

“ఏందన్నా, ఇయ్యాల కూసున్నవ్?”

“ఫారం నింపుతున్నా. మీ వదిన ఇక్కడే ఎందుకు కూర్చునేదో నీకేమైనా తెలుసా?”

“నీ గుండెకు స్టెంట్ ఏసిన సంది గదా. ఈ మలుపు కాడికి వచ్చినప్పుడల్లా చెయ్యెత్తేది. నేను మళ్ల ఎత్తేటోన్ని.”

“నీకా?”

“నాకెందుకు ఎత్తుతదే? నీకు. నువ్వు చెవుల్ల వైర్లు పెట్టుకొని వార్తలు ఇనుకుంట పోతుంటివి. పాపం, చెయ్యి ఊకె పోవద్దని నేను ఎత్తిన.”

విఠల్ తర్వాతి చుట్టుకు వెళ్లాడు. వెలుతురు ఇంకా ఉంది. రాసుకోవడానికి సరిపోతుంది.

ప్రయోజనం అన్నచోట ఆయన ‘భర్త నడుస్తుంటే చూడటానికి’ అని రాశాడు. ప్రత్యక్ష సాక్షి అన్నచోట విఠల్ పేరు రాశాడు. ‘ఆ సమయంలో దరఖాస్తుదారు ఎక్కడ ఉన్నారు?’ అన్న ప్రశ్నకు కౌన్సిల్ వారు ఉదారంగా అరపేజీ వదిలారు. కేశవరావు అందులో ఒక్క మాట రాశాడు.

‘ఎదురుగానే.’